18446744073709551615: దీన్ని సుమారుగా చెప్పకండి

చదరంగం కథ మనందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగో గడి దాకా వెళ్ళేసరికి రాజుగారి గాదెలన్నీ ఖాళీ. ఈ కథ చెప్పే ప్రతివాళ్ళూ సరిగ్గా ఒకే చోట ఆపేస్తారు, "చూశారా ఎంత పెద్ద సంఖ్యో" అని. క్లాసులో టీచర్లు అక్కడే ఆపుతారు, చక్రవడ్డీ గురించి లెక్చర్ ఇచ్చేవాళ్ళూ అక్కడే ఆపుతారు, వాట్సాప్ ఫార్వర్డులు అయితే పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి మరీ ఆపుతాయి. నా పేచీ దీంతోనే. "పెద్దది" అనేది ఆ సంఖ్య గురించి చెప్పదగ్గ వాటిలో అన్నిటికంటే చిన్న విషయం. ఇంకా పెద్దది కావాలంటే ఒకటి కలిపితే చాలు, వచ్చేస్తుంది. దాని లోపల ఏముందో చెప్పకుండా సైజు చూపించి పిల్లల్ని హడలగొట్టి పంపేస్తే లెక్కలు నేర్పినట్టు ఎలా అవుతుంది?

సైజు సంగతి తొందరగా తేల్చేద్దాం. మన పద్ధతిలో అయితే అది లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన ఇంకా చాలా చిల్లర. ఒక బియ్యపు గింజ 25 మిల్లీగ్రాములు అనుకుంటే 46 వేల కోట్ల టన్నులు. ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకా 1883లో హనోయ్ టవర్ అనే పజిల్ తెచ్చాడు, దానికి ఒక కథ కూడా తగిలించారు, కాశీలో ఒక గుళ్ళో 64 బంగారు పళ్ళాల్ని పూజారులు ఒక కడ్డీ మీంచి ఇంకో కడ్డీకి మారుస్తున్నారని, ఆ పని అయ్యేటప్పటికి లోకం అంతమని. అక్కడ కావాల్సిన ఎత్తుగడల సంఖ్య కూడా ఇదే, సెకనుకి ఒకటి చొప్పున చేసినా 58 వేల కోట్ల ఏళ్ళు దాటుతుంది. సరే, పెద్దదే. ఇక్కడితో సైజు అయిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. కంప్యూటర్ దగ్గర ఉంటే ఎక్సెల్ తెరిచి ఈ ఇరవై అంకెలూ ఒక సెల్‌లో నంబర్‌గా టైప్ చేయండి. ఎంటర్ కొట్టాక సెల్ మీద క్లిక్ చేసి పైనున్న ఫార్ములా బార్‌లో చూస్తే 18446744073709500000 అని ఉంటుంది, ఎందుకంటే అది 15 అంకెల దాకానే దాచుకుంటుంది, మిగతావి సున్నాలు చేసేస్తుంది. జావాస్క్రిప్ట్ కన్సోల్‌లో కొట్టి చూడండి, 18446744073709552000 వస్తుంది. ఏముంది అంత పెద్దదాంట్లో చివర కొంచెం తేడా వస్తే అనుకుంటాం కదా. సైజు మాత్రమే ముఖ్యం అనుకునేవాళ్ళకి నిజంగానే ఏమీ లేదు. కానీ జావాస్క్రిప్ట్ లోపల నిజానికి దాచుకుంది 2⁶⁴ ని, అంటే మన సంఖ్యకి సరిగ్గా ఒకటి ఎక్కువ. ఆ 2⁶⁴ కి 2 తప్ప ఇంకో ప్రధాన కారణాంకమే లేదు. మన సంఖ్య బేసి, దానికి ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు. ఒక్క గింజ తేడా, ఉమ్మడి కారణాంకం ఒక్కటి కూడా లేదు. సంఖ్య ఎంతుందో ముందున్న అంకెలు చెప్తాయి, కానీ అది సరా బేసా, 5 తో తెగుతుందా, 25 తో తెగుతుందా అనేవి వెనకున్న అంకెల్లో ఉంటాయి. సుమారుగా చెప్పడం అంటే ఆ వెనక భాగాన్ని కోసి పారేయడం.

ఈ సంఖ్య మీద మన తెలుగులో ఒక పద్యం ఉంది, పావులూరి మల్లన పద్యంగా మనకి తెలిసింది. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మల్లన. చదరంగం గడుల మొత్తాన్ని ఆ పద్యం ఇలా చెప్తుంది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఒక్కో మాటా ఒక్కో అంకె. శరాలు అంటే మన్మథుడి బాణాలు, ఐదు. శశి ఒకటి. షట్కం ఆరు. చంద్రుడు ఒకటి. మళ్ళీ శర, సాయక, రెండూ బాణాలే, ఐదు ఐదు. రంధ్రాలు తొమ్మిది. వియత్తు అంటే ఆకాశం, సున్నా. నగం అంటే కొండ, ఏడు. అగ్ని మూడు. భూధరం మళ్ళీ కొండే, ఏడు. గగనం సున్నా. అబ్ధి నాలుగు, వేదాలు నాలుగు, గిరి ఏడు, తర్కం ఆరు, పయోనిధి నాలుగు, పద్మజాస్యాలు అంటే బ్రహ్మ ముఖాలు నాలుగు, కుంజరాలు ఎనిమిది, తుహినాంశుడు అంటే చంద్రుడే, ఒకటి. వీటిని ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుకి రాసుకుంటూ పోవాలి, అదే భూతసంఖ్యల పద్ధతి. రాసి చూడండి: 18446744073709551615. ఇరవై అంకెలూ ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు.

నన్ను అన్నిటికంటే పట్టేసింది ఏంటంటే పద్యం మొదలయ్యేది చివరి అంకెతో. మొదటి మాట "శర" అనగానే ఇది బేసి సంఖ్య, 5 తో తెగుతుంది అని తెలిసిపోయింది. "శర శశి" దాకా వస్తే చివర 15 ఉంది, కాబట్టి 25 తో తెగదు. అంటే ఎంత పెద్దదో తెలియడానికి పద్యమంతా ఆగాలి గానీ ఎలాంటిదో మొదటి రెండు మాటల్లోనే మొదలైపోతుంది.

ఇంకోటి కూడా ఉంది. ఇది చంపకమాల. ఒక మాట ఎగిరిపోతే గణాలు కుదరవు, వెంటనే తెలిసిపోతుంది. మొదటి "శర" బదులు ఎవరైనా పొరపాటున "గిరి" అని రాశారనుకోండి, రెండూ రెండు లఘువులే, ప్రాస రకారం కూడా నిలబడుతుంది, కానీ పదకొండో అక్షరం "సా" తో యతి చెడిపోతుంది. దొరికిపోయాడు. అదే రెండో పాదం మధ్యలో ఉన్న "గిరి" ని "శర" చేస్తే ఛందస్సు పట్టుకోదు, నిజమే, అక్కడ లెక్క పట్టుకుంటుంది. ఈ ఇరవై అంకెల మొత్తం 87, అది 3 తో తెగుతుంది, 7 బదులు 5 పడితే 85 అయిపోయి తెగదు. తాటాకు మీద చేతులు మారుతూ వచ్చే సంఖ్యకి ఇంతకంటే మంచి కాపలా ఏముంటుంది? మనం ఈ పద్యాన్ని "మన పూర్వీకులకి అప్పుడే తెలుసు" అని ఛాతీ విరుచుకోడానికి వాడుతున్నాం, అది నాకు నచ్చదు. సుమారు 1000వ సంవత్సరంలో మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ కూడా ఇదే సంఖ్యని చివరి అంకె దాకా సరిగ్గా లెక్క కట్టి రాశాడు. ఎవరు ముందు అనే గొడవ పక్కన పెట్టి, ఇద్దరూ చివరి అంకె దాకా ఎందుకు పట్టుబట్టారో చూస్తే బావుంటుంది.

అంత పెద్ద లెక్క ఎలా సాధ్యం అంటే, అరవై నాలుగు సార్లు రెట్టింపు చేయక్కర్లేదు కాబట్టి. 2 ని వర్గం చేస్తే 4, దాన్ని వర్గం చేస్తే 16, తర్వాత 256, 65536, 4294967296, ఆ తర్వాత 18446744073709551616. ఆరే ఆరు గుణకారాలు, చివర ఒకటి తీసేయడం. అల్ బిరూనీ వెళ్ళిన దారి వర్గాలదే. మన పింగళుడి ఛందఃశాస్త్రంలో కూడా గురులఘువుల అమరికలు ఎన్నో లెక్కపెట్టడానికి ఇలాగే సగం చేయి, వర్గం చేయి అనే సూత్రాలున్నాయి. ఆ లెక్కన పాదానికి 21 అక్షరాలుండే వృత్తాలు 2²¹, అంటే 20,97,152, వాటిలో ఒకటే చంపకమాల. 2 ఘాతాల గురించి చెప్పే పద్యం కూడా 2 ఘాతాల లెక్కలోంచే వచ్చింది.

ఇక ఈ సంఖ్యని విప్పుదాం. ఎనిమిదో తరగతి ఫార్ములా చాలు, a² − b² = (a − b)(a + b). 2⁶⁴ అంటే 2³² కి వర్గం కాబట్టి మన సంఖ్య 4294967295 × 4294967297. అందులో చిన్నదాన్ని మళ్ళీ అలాగే విప్పితే 65535 × 65537. మళ్ళీ 65535 ని విప్పితే 255 × 257. 255 అంటే 15 × 17. 15 అంటే 3 × 5. అయిపోయింది. అంటే మన సంఖ్య 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. ఇరవై అంకెల సంఖ్యని కాగితం మీద రెండు నిమిషాల్లో ఆరు ముక్కలు చేశాం, క్యాలిక్యులేటర్ ముట్టుకోలేదు. ఏ తరగతి గదిలో అయినా పిల్లలు దీన్ని చేయగలరు, అయినా చేయించం, గింజల కుప్ప బొమ్మ చూపించి వదిలేస్తాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఈ ఆరు ముక్కల్లో మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. 3, 5, 17, 257, 65537, ప్రతిదీ 2 ఘాతానికి ఒకటి కలిపితే వచ్చింది, ఆ ఘాతాలు కూడా 1, 2, 4, 8, 16 అని రెట్టింపు అవుతూ వచ్చినవి. 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఈ వరస చూసి ఇలా వచ్చేవన్నీ (వీటినే ఇప్పుడు ఫెర్మా సంఖ్యలు అంటారు) ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు, ఉత్తరాల్లో రాశాడు, నిరూపించలేకపోయానని కూడా చెప్పాడు. ఆరోది 4294967297. అది కూడా ప్రధానమేనా? 1729లో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కి ఉత్తరం రాసి ఈ సంగతి అడిగాడు. 1732లో ఆయిలర్ జవాబు తేల్చాడు, కాదు, 641 × 6700417.

ఆయన 2 నుంచి మొదలుపెట్టి అన్నిటితో భాగించుకుంటూ పోయుంటాడు అనుకుంటే పొరపాటే. 4294967297 ని ఒక ప్రధాన సంఖ్య p భాగిస్తుంది అనుకోండి. అప్పుడు 2, 4, 8, 16 అంటూ రెట్టింపు చేసుకుంటూ పోయి ప్రతిదాన్నీ p తో భాగిస్తే వచ్చే శేషాలు సరిగ్గా 64 అడుగులకి ఒకసారి మొదటికొస్తాయి, అంతకంటే ముందు రావు. మళ్ళీ ఫెర్మానే అదే 1640లో చెప్పిన ఇంకో సిద్ధాంతం ప్రకారం p − 1 అడుగులకి కూడా మొదటికి రావాలి. రెండూ నిజం కావాలంటే p − 1 ని 64 భాగించాలి. కాబట్టి వెతకాల్సింది 64 కి గుణిజాలు తీసుకుని ఒకటి కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యల్లోనే: 193, 257, 449, 577, 641. ఐదోదే తగిలింది! ఫెర్మా ఊహని పడగొట్టింది ఫెర్మా సొంత సిద్ధాంతమే. మళ్ళీ 64 అనే సంఖ్య ఇక్కడికి ఎలా వచ్చిందో గమనించండి, గడులు 64 కాబట్టే.

641 ని నమ్మడానికి భాగహారం కూడా అక్కర్లేదు. 641 = 5 × 128 + 1. అదే 641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴. మొదటిదాని ప్రకారం 641 దృష్టిలో (అంటే 641 తో భాగిస్తే మిగిలే శేషాలే చూస్తే) 5 × 2⁷ అంటే −1 తో సమానం, నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ అంటే 1. రెండోదాని ప్రకారం 5⁴ అంటే −2⁴. రెండూ కలిపితే −2³² అంటే 1, కాబట్టి 2³² + 1 అంటే సున్నా, శేషం లేకుండా తెగింది. నాలుగు లైన్లు. నేను దీన్ని ఎన్నిసార్లు రాసుకున్నా ప్రతిసారీ అంతే సంతోషంగా ఉంటుంది.

మిగిలిన 6700417 ప్రధానమా కాదా అని కూడా మనమే తేల్చుకోవచ్చు. 1878లో లూకా (అవును, హనోయ్ టవర్ లూకానే) ఆయిలర్ షరతుని ఇంకా బిగించాడు, కారణాంకం 128 గుణిజానికి ఒకటి కలిపినదే అయ్యుండాలని. 6700417 కి వర్గమూలం 2588 పైన కొంచెం, ఆ లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు ఐదే ఉన్నాయి: 257, 641, 769, 1153, 1409. ఈ వరసలో ఏ రెండు ఫెర్మా సంఖ్యలకీ ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి 257 ముందే పోయింది. మిగతా నాలుగింటితో భాగిస్తే శేషాలు 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు, కాబట్టి ప్రధానమే. మొత్తం కలిపి 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు, కాబట్టి మొత్తం కారణాంకాలు 2⁷, అంటే 128. ఒక సాయంత్రం, ఒక పెన్ను, అంతే ఖర్చు.

ఇప్పుడు ఇదంతా సైజు వల్ల కాదు అని చెప్పడానికి ఒక పని చేద్దాం, చదరంగం బల్లలో మూడు గడులు తీసేద్దాం. 61 గడులైతే మొత్తం 2305843009213693951. ఇది ఎనిమిదో వంతే, కానీ విప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే అది స్వయంగా ప్రధాన సంఖ్య, 1883లో పెర్వుషిన్ అనే రష్యన్ పాద్రీ తేల్చాడు. అదే మూడు గడులు కలిపి 67 చేస్తే 147573952589676412927. 1644లో మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో పెట్టాడు. 1876లో లూకా ఇది ప్రధానం కాదని నిరూపించాడు, కానీ ఏ ముక్కలతో తయారైందో మాత్రం తెలియలేదు. 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో బోర్డు దగ్గరికి వెళ్ళి 193707721 × 761838257287 అని చూపించేదాకా ఆగాల్సొచ్చింది. మన సంఖ్యకి ఎనిమిది రెట్లు మాత్రమే పెద్దది, కానీ మనది రెండు నిమిషాల్లో ఆరు ముక్కలైంది, అది 1903 దాకా లొంగలేదు. కారణం సైజులో ఉందా? లేదు, 64 తనే 2⁶ కావడం వల్ల మళ్ళీ మళ్ళీ సగానికి విరుగుతుంది, 67 విరగదు.

ఇంకా ముందుకెళ్తే జామెట్రీ తగులుతుంది. 1796లో గాస్ స్కేలు, వృత్తలేఖినితో 17 భుజాల క్రమ బహుభుజిని గీయొచ్చని కనిపెట్టాడు. బేసి భుజాలున్న ఏ క్రమ బహుభుజిని అలా గీయొచ్చు అంటే, భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయితేనే, వేరే వాటికి కుదరదని వాంట్జెల్ 1837లో తేల్చాడు. ఇప్పటిదాకా మనకి తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఐదే, 3, 5, 17, 257, 65537, వాటితో ఏర్పడే లబ్ధాలు 31. అన్నిట్లో పెద్దది ఎంత? 4294967295. మన సంఖ్యని మొదటిసారి విప్పినప్పుడు ఎడమ పక్కన వచ్చింది అదే. సగం బల్ల మీద, అంటే 32 గడుల్లో గింజలు లెక్కపెడితే వచ్చేది కూడా అదే.

మళ్ళీ ఛందస్సు దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇది చెప్పకుండా ఉండలేను. పింగళుడి సూత్రాలకి పదో శతాబ్దంలో హలాయుధుడు రాసిన వ్యాఖ్యలో మేరు ప్రస్తారం ఉంది, బయట పాస్కల్ త్రిభుజం అంటారు. దాన్ని గీసుకుని బేసి సంఖ్య ఉన్నచోట 1, సరి సంఖ్య ఉన్నచోట 0 పెట్టండి. ఒక్కో వరసనీ బైనరీ సంఖ్యలా చదవండి: 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257 ఇలా వస్తాయి. మొదటి 32 వరసలూ సరిగ్గా 4294967295 కి ఉన్న 32 కారణాంకాలు, మొదటి 1 ని వదిలేస్తే మిగతా 31 గాస్ బహుభుజులు. అలాగే ముందుకెళ్తే 64వ వరసలో 64 సంఖ్యలుంటాయి, అన్నీ బేసివే, ఒక్క సున్నా కూడా ఉండదు. అరవై నాలుగు ఒకట్లు వరసగా రాస్తే బైనరీలో అది ఎంత? మన చదరంగం సంఖ్యే.

"సరే, ఇవన్నీ ఎవరికి ఉపయోగం" అని అడిగేవాళ్ళు ఉంటారు, అడగాలి కూడా. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఈ సంఖ్యని లాగుల్లో చూసే ఉంటారు, మైనస్ తెలియని 64 బిట్ల వేరియబుల్‌లో 0 లోంచి 1 తీసేస్తే తేలేది ఇదే, దీన్ని చూడగానే గుర్తుపట్టినవాళ్ళకి బగ్ ఎక్కడుందో సగం తెలిసినట్టే. ఇక దీని ముక్కల్లో ఒకటైన 65537, సందేశాల్ని రహస్య సంకేతాల్లోకి మార్చే ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్‌లో ఎక్కువగా వాడే పబ్లిక్ ఎక్స్‌పోనెంట్. అంటే సందేశాన్ని అన్నో ఘాతానికి ఎత్తుతారు. బైనరీలో దానికి రెండు ఒకట్లే, కాబట్టి 16 సార్లు వర్గం చేసి ఒక్కసారి గుణిస్తే పని అయిపోతుంది. పింగళుడు చెప్పిన సగం చేయి, వర్గం చేయి అనే పద్ధతే అక్కడ కూడా నడుస్తోంది.

కాబట్టి టీచర్లని నేను అడిగేది ఒక్కటే, కథ చెప్పండి, గాదెలు ఖాళీ చేయించండి, కానీ బెల్ కొట్టేలోపు ఆ సంఖ్యని బోర్డు మీద పూర్తిగా, ఇరవై అంకెలతో రాసి విప్పించండి. పావుగంటలో అయిపోతే ఇంకో బల్ల ఇవ్వండి, 128 గడులది. దాని మొత్తం అంటే మన సంఖ్యని 18446744073709551617 తో గుణించడమే, ఆ కొత్త ముక్కని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచాయన 82 ఏళ్ళ వయసులో విప్పాడు, 274177 × 67280421310721. ఆయిలర్ దారిలోనే ఇక్కడ కారణాంకాలు 256 గుణిజానికి ఒకటి కలిపినవై ఉండాలని లూకా షరతు. 274177 లోంచి ఒకటి తీసేసి 256 తో భాగించమనండి. 1071 వస్తుంది, శేషం సున్నా.